బొమ్మ చూసి మురవకండి, బొరుసు చదవండి

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. రెండేళ్లుగా పాత నాణేలు పోగేస్తున్నాను. మొన్న పండక్కి ఊరెళ్తే మా అవ్వ తన పెట్టె నా చేతికిచ్చింది. అందులో నాలుగు బ్రిటిష్ కాసులు, రెండు చిన్న వరహాలు ఉన్నాయి. కాసుల్లో ఒకటి 1918ది, ఒకటి 1917ది. మూడోది 1869ది, వెనక డాలు బొమ్మ, దాని కింద 23 అని అంకె ఉంది. నాలుగోదానికి కొంకి అతికించి ఉంది, తేదీ కనపడదు. వరహాల్లో ఒకదాని మీద రెండు తలల పక్షి, ఇంకోదాని మీద ఇద్దరు దేవుళ్లు కూర్చుని ఉన్నారు. బజారులో షావుకారు ఆ 23 అంటే 23 క్యారెట్లని చెప్పి, అన్నీ తూకానికి ఇచ్చేయమంటున్నాడు. 1917 కాసు చాలా అరుదని నెట్‌లో చదివాను. వరహాలు రాయలవారివని మా అవ్వ అంటుంది. వీటిలో అరుదైన రకం ఏదో ఎలా తెలుస్తుంది? కడిగి ఫొటోలు తీయాలా? డల్లాస్‌లో ఉన్న మా అన్న, పంపితే అక్కడ గ్రేడింగు చేయిస్తానంటున్నాడు. ఇంకొకాయన వాట్సాప్‌లో వేంకటేశ్వరస్వామి ఉన్న పెద్ద వరహా చూపించి కొనమంటున్నాడు. కొనమంటారా?

జవాబు: ఆఖరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఆ వాట్సాప్ వరహా కొనకండి. ఎందుకో వరహాల దగ్గరికి వచ్చాక చెబుతాను. మీ అన్నకు కూడా ఇవాళే ఫోన్ చేసి, ఏవీ పంపడం లేదని చెప్పేయండి. ఇక తీరిగ్గా పెట్టె తెరుద్దాం.

మన నాణేల వాళ్ల నోట్లో 'అరుదు' అన్నంత అరిగిపోయిన మాట ఇంకోటి లేదు. పాతది కాబట్టి అరుదంటారు, బంగారం కాబట్టి అరుదంటారు, రాయలవారిది కాబట్టి అరుదంటారు. ఈ మూడింటికీ అరుదుతో సంబంధం లేదు. వెయ్యేళ్ల నాటి నాణేలు కుండలకు కుండలు దొరికినవి ఉన్నాయి. మా నాన్న చిన్నప్పుడు చెల్లిన నాణేల్లో చేతివేళ్లకు సరిపోయేన్ని మాత్రమే మిగిలినవీ ఉన్నాయి. ఒకే రాజు, ఒకే ఏడాది, ఒకే బరువు ఉన్న రెండు కాసులు పక్కపక్కన పెడితే వాటిలో ఒకటి మామూలుది, ఇంకోటి వేలంపాటకు వెళ్లేది కావచ్చు. తేడా అంతా ఆవగింజంత అక్షరంలో ఉంటుంది.

నాణేల వాళ్లు 'రకం' అనేది అచ్చులో ఉన్న తేడాని. అచ్చు చెక్కినవాడు ఒక చుక్క ఎక్కువ పెడితే, ఆ అచ్చుతో కొట్టిన ప్రతి నాణెం మీదా ఆ చుక్క ఉంటుంది. అది రకం. నాణెం టంకశాల దాటాక తగిలిన దెబ్బ, మెళ్లో వేసుకుంటే వచ్చిన అరుగు, కంసాలి ఆకురాయి పెట్టిన గీత ఆ ఒక్క నాణేనికే పరిమితం. అది గాయం. కొత్తగా పోగేసేవాళ్లు నూటికి తొంభైసార్లు గాయాన్ని చూపించి 'ఇది కొత్త రకమా సార్?' అని అడుగుతారు. నేనూ అలాగే అడిగినవాణ్నే.

మీరు ఉత్తరంలో రాసినవన్నీ దాదాపుగా బొమ్మలే: డాలు, పక్షి, దేవుళ్లు. వరహాల వెనక ఏముందో ఒక్క మాటైనా రాయలేదు. అందరమూ బొమ్మ చూసే మురిసిపోతాం. రకం తెలిసేది ఎక్కువగా వెనకవైపు, లేదా బొమ్మ పక్కన ఎవరూ చూడని మూలన. ముందుగా పదింతలు పెద్దగా చూపే భూతద్దం ఒకటి, గ్రాములో నూరో వంతు చూపే చిన్న కాటా ఒకటి కొనుక్కోండి. ఇంకో నాణెం కొనేముందు ఈ రెండూ ఉండాలి.

మీ షావుకారు మాటతో మొదలుపెడదాం. ఆ 23 క్యారెట్లు కాదు. 1817 నుంచి వచ్చిన సావరిన్ కాసులన్నీ 22 క్యారెట్లవే, తూకం 7.99 గ్రాములు, అడ్డంగా 22 మిల్లీమీటర్లు. విక్టోరియా రాణి డాలు కాసుల మీద, దండ కింద పువ్వుల గుత్తికి పైన కనపడే ఆ అంకె అచ్చు నంబరు. 1863 నుంచి 1874 వరకు లండన్ టంకశాల ఒక్కో అచ్చుకు ఒక్కో నంబరు వేసింది. ఏ అచ్చు ఎన్నాళ్లు మన్నింది, ఏది తొందరగా పాడైంది అని లెక్క చూసుకోవడానికి. కాబట్టి మీది 1869లో లండన్‌లో 23వ నంబరు అచ్చుతో కొట్టిన కాసు. ఒక్కో ఏడాదికి ఒక్కో నంబరు చొప్పున పోగేసేవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఇది ముచ్చటైన ముక్క. బాగా అరుదా అంటే కాదు. కానీ తూకానికి ఇచ్చేసేది మాత్రం కాదు.

అంకెల సంగతి వచ్చింది కాబట్టి ఇంకోటి చెప్పాలి. 1863 కాసుల్లో కొన్నింటికి రాణి మెడ నరికినట్టుండే చోట, సన్నని అంచు మీద 827 అని చెక్కి ఉంటుంది. దాన్ని చూసినవాళ్లు చాలా తక్కువమంది. రాణి బొమ్మకేసి వందసార్లు చూసినవాళ్లు కూడా మెడ అంచుకేసి చూడరు. అలాగే 1859లో 'అన్సెల్' అనే రకం ఉంది. ఆ ఏడాది టంకశాలకు వచ్చిన బంగారంలో కొంత సీసం, ఆర్సెనిక్, యాంటిమొనీ కలిసి పెళుసుబారింది. కొడితే పగిలేది. జార్జ్ అన్సెల్ అనే ఉద్యోగి, దాన్ని సరిగ్గా సంబాళిస్తే గట్టి కాసులు చేయొచ్చని చేసి చూపించాడు. లక్షా 67 వేల దాకా కొట్టారు. వాటిని గుర్తుపట్టేది రాణి జడ వెనక రిబ్బను మీద ఉండే ఒక అదనపు గీతతో. అంతే. ఒక్క గీత! సావరిన్లు సేకరించేవాళ్లు ఆ గీత కోసం ఏళ్ల తరబడి రిబ్బన్లు వెతుకుతారు. మీకు 1859 కాసు ఎప్పుడైనా చేతికొస్తే ముఖం వదిలేసి జడ చూడండి.

ఇప్పుడు 1918. బొరుసువైపు గుర్రం మీద సెయింట్ జార్జ్, కింద నేలలా ఒక గీత, ఆ గీత కింద తేదీ ఉంటాయి. ఆ నేల గీత మధ్యలో, తేదీకి సరిగ్గా పైన, భూతద్దం పెట్టి చూడండి. అక్కడ ఒక చిన్న ఇంగ్లిషు అక్షరం ఉంటుంది. ఎస్ ఉంటే సిడ్నీ, ఎం ఉంటే మెల్‌బోర్న్, పి ఉంటే పెర్త్, సి ఉంటే కెనడాలోని ఒట్టావా. నిలువుగా ఒక పుల్ల నిలబెట్టినట్టు ఐ ఉంటే అది మన బొంబాయిది. ఐ అంటే ఇండియా. గీతలో గీతగా కలిసిపోయి ఉంటుంది కాబట్టి చాలామంది దాన్ని చూడకుండానే దాటేస్తారు.

బొంబాయి కాసు కథ నాకిష్టం, కాసేపు చెప్పనివ్వండి. మొదటి ప్రపంచ యుద్ధంలో సముద్రాల మీద బంగారం పంపడం ప్రమాదమైపోయింది. ఇక్కడి బంగారాన్ని ఇక్కడే కాసులుగా కొట్టించాలని రాయల్ మింట్ 1918లో బొంబాయిలో ఒక శాఖ తెరిచింది. ఏడాది తిరగకుండానే మూసేసింది. లండన్ నుంచి అచ్చులు రాకముందు చేతులు కట్టుకుని కూర్చోకుండా 15 రూపాయల మొహరు కొట్టారు. దాని తూకం, సైజు, బంగారం మేలిమి అచ్చంగా కాసువే. అప్పుడు కాసుకు 15 రూపాయల లెక్క. కానీ దాని మీద గుర్రం ఉండదు, దండ మధ్యలో విలువ, ఏడాది ఉంటాయి. సావరిన్లు సుమారు 13 లక్షలు వచ్చాయి, మొహర్లు 20 లక్షలు దాటాయి. కాబట్టి ఐ కాసు దుర్లభమేమీ కాదు, బంగారం ధర కంటే కొంచెం ఎక్కువ పలుకుతుందంతే. అయినా నేను మాత్రం ఒకటి అట్టే పెట్టుకున్నాను. మన గడ్డ మీద కొట్టిన మొట్టమొదటి సావరిన్ అది. తర్వాత మళ్లీ ఐ గుర్తుతో కాసులు వచ్చింది 2013లోనే.

ఒక హెచ్చరిక. లండన్ టంకశాల 1918లో సావరిన్లు కొట్టలేదు. 1917 తర్వాత మళ్లీ 1925లోనే మొదలుపెట్టింది. కాబట్టి మీ 1918 కాసుకు ఏ అక్షరమూ లేకపోతే సంతోషించకండి. 'అరే, ఎవరి దగ్గరా లేనిది నా దగ్గరుంది' అనిపించినప్పుడల్లా అది నకిలీ అయ్యే అవకాశమే ఎక్కువ అని గుర్తుపెట్టుకోండి. ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయకూడదు కదా.

ఆ మాట 1917 కాసుకు ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. నెట్‌లో మీరు చదివింది సగం నిజం. 1917లో సిడ్నీ, మెల్‌బోర్న్, పెర్త్, ఒట్టావా టంకశాలలు కొట్టిన కాసులు కావలసినన్ని ఉన్నాయి. అరుదైనది లండన్‌ది, అంటే నేల గీత మీద ఏ అక్షరమూ లేనిది. అక్కడా ఒక తమాషా ఉంది. లండన్ ఆ ఏడాది పది లక్షలకు పైగా కొట్టినట్టు లెక్కల్లో ఉంది. మరి అవేమయ్యాయి? యుద్ధం బాకీల కింద అమెరికాకు వెళ్లి చాలావరకు కరిగిపోయాయని చెబుతారు. ఎన్ని కొట్టారన్నది కాదు, ఎన్ని మిగిలాయన్నదే అరుదును తేలుస్తుంది. లెక్కల పట్టికలు చూసి ధర కట్టేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

మీ కాసుకు అక్షరం లేదని మీరు రాయలేదు, 1917 అని మాత్రమే రాశారు. ఇప్పుడు చూడండి. అక్షరం లేదనిపిస్తే మొదట, పసుపు కుంకుమ పేరుకుని అది కప్పుకుపోయిందేమో చూడాలి. మన ఇళ్లలో కాసు వరలక్ష్మీ వ్రతానికి కలశం దగ్గర, ధనత్రయోదశికి పీట మీద కూర్చుంటుంది. నేల గీత సందులో పసుపు ఇరుక్కోవడం చాలా మామూలు. అది కాకపోతే, ఎవరో గీకేసి ఉండొచ్చు. చవగ్గా దొరికే పెర్త్ కాసు తీసుకుని పి అక్షరం చెరిపేస్తే అది లండన్ కాసులా కనపడుతుంది. ఇరవై ఏళ్ల కిందట ఒక అంగట్లో నేను అలాంటిదే కొన్నాను. ఇంటికొచ్చి కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పుతుంటే నేల గీత మధ్యలో ఒక్క చోట మాత్రం అద్దంలా తళుక్కుమంది. చుట్టూ ఉన్న బంగారం మందంగా, అక్కడ మాత్రం నున్నగా ఉంది. గీకిన చోట అలాగే ఉంటుంది. మూడో అవకాశం, కాసు మొత్తమే నకిలీ. నాలుగో అవకాశం, మీది అసలైన లండన్ 1917. ఎక్కువ అవకాశమున్నదాని నుంచి తక్కువదానికి వరస కూడా ఇదే అనుకోండి.

నకిలీ అనగానే బంగారం కాదనుకోకండి. గడిచిన శతాబ్దం మధ్యలో బేరూత్ వైపు నుంచి దొంగ సావరిన్లు కుప్పలుగా వచ్చాయి, వాటిలో చాలావాటిలో బంగారం సరిగ్గానే ఉంది. మన దగ్గర కూడా నగల కోసం కాసును చూసి కాసు పోత పోసినవాళ్లున్నారు. అందుకే గీటురాయి మీద మీ షావుకారు చెప్పే తీర్పు బంగారానికి సంబంధించింది, నాణేనికి సంబంధించింది కాదు. పైగా గీటురాయి మీద రుద్దితే అంచు అరుగుతుంది. దాని బదులు ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. కాసును మామూలుగా తూచండి. తర్వాత కాటా మీద గ్లాసులో నీళ్లు పెట్టి, కాటాను సున్నాకు తెచ్చి, కాసును సన్నదారంతో కట్టి, అడుగుకు గానీ గోడకు గానీ తగలకుండా నీళ్లలో వేలాడదీయండి. కాటా 0.45 గ్రాముల దగ్గర చూపిస్తే 22 క్యారెట్లకు సరిపోతుంది. అదే సైజు ఇత్తడి బిళ్లకు పూత వేసినదైతే ఇంతవరకూ రానక్కర్లేదు, మామూలు తూకంలోనే నాలుగు గ్రాములు నిండదు. కొంత అరిగిన కాసు 7.94 దాకా తూగితే భయం లేదు, అంతకంటే తగ్గితే ఆ రోజుల్లో చట్టప్రకారం చెల్లేది కాదు. బంగారం తేలాక అక్షరాలు చూడండి. పోత పోసినవాటిలో అక్షరాల అంచులు సబ్బులా జారిపోయి ఉంటాయి. చదునైన చోట సన్నటి గుంటలు, బుడగలు కనపడతాయి. అంచు మీది నిలువు గీతలు ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా ఉంటాయి.

కొంకి ఉన్న కాసు తేదీ గురించి బెంగ వద్దు. ముఖం చూస్తే కాలం తెలుస్తుంది. జుట్టు రిబ్బనుతో ముడిచిన పడుచు విక్టోరియా అయితే 1887కు ముందుది. తల మీద బుల్లి కిరీటంతో ఉంటే 1887 నుంచి 1893 లోపుది. మేలిముసుగు వేసుకున్న పెద్దావిడ అయితే 1893 నుంచి 1901. బట్టతల, గడ్డంతో కుడివైపు చూసే రాజు ఏడో ఎడ్వర్డు, గడ్డంతో ఎడమవైపు చూసేవాడు అయిదో జార్జి. టంకశాల గుర్తు కోసం చూడాల్సిన చోటు కూడా మారుతూ ఉంటుంది. డాలు కాసులకు దండ కింద, పడుచు విక్టోరియాకు గుర్రం బొరుసు ఉంటే రాణి మెడ కింద, ఆ తర్వాతివాటికి నేల గీత మీద. కొంకిని మాత్రం విప్పించకండి. మాటు ఊడదీయడానికి కంసాలి వేడి పెడితే ఉన్న కాస్త విలువ కూడా ఆవిరైపోతుంది. అది మీ అవ్వ మెళ్లో ఉన్న కాసు. దాన్ని అలాగే ఉండనివ్వండి.

ఇప్పుడు వరహాలు. ఇక్కడ బొరుసు చదవకపోతే ఒక్క అడుగు వేయలేం.

ఇద్దరు దేవుళ్లు కూర్చున్నది మీరు ఉమామహేశ్వరులు అనుకుంటే (చేతిలో త్రిశూలం, జింక ఉన్నాయో చూడండి), ఆ బొమ్మ నాలుగు వందల ఏళ్లకు పైగా అచ్చులో ఉంది. మొదట విజయనగరంలో రెండో హరిహరరాయలు వేయించాడు. బొరుసు మీద నాగరి లిపిలో మూడు వరసలుగా 'శ్రీ ప్రతాప హరిహర' ఉంటుంది. అదే బొమ్మ, బొరుసు మీద 'శ్రీ ప్రతాప దేవరాయ' ఉంటే దేవరాయలది. 'శ్రీ సదాశివ' అని ఉంటే కెళది నాయకులది, అది దక్షిణాదిలో చాలాకాలం చెల్లిన వరహా. 1763లో హైదర్ అలీ వాళ్ల రాజధాని బెదనూరు పట్టుకున్నాక శివపార్వతులను అలాగే ఉంచేశాడు. వెనక మాత్రం చుక్కల మధ్య తన పేరులోని మొదటి పార్సీ అక్షరం 'హే' ఒక్కటి వేయించుకున్నాడు. ప్రజలు ఆ బొమ్మను నమ్ముతున్నారు, దాన్నెందుకు మార్చడం అనే వ్యాపారపు తెలివి అది. తర్వాత మైసూరు మూడో కృష్ణరాజ ఒడెయరు కూడా అదే బొమ్మకు 'శ్రీ కృష్ణరాజ' అని వెనక రాయించాడు. అంటే మీ చేతిలో ఉన్నది పద్నాలుగో శతాబ్దానిదో పంతొమ్మిదో శతాబ్దానిదో బొమ్మ చూసి ఎవరూ చెప్పలేరు. ఆ కృష్ణరాజను చూసి కృష్ణరాయలు అనుకున్నవాళ్లను నేనెరుగుదును. మీ అవ్వ దగ్గర ఈ మాట అనకండి.

రాయలవారి అసలు వరహా మీద ఉండేది కూర్చున్న బాలకృష్ణుడు, అటూ ఇటూ శంఖచక్రాలు. వెనక 'శ్రీ ప్రతాప కృష్ణరాయ'. ఆ బొమ్మను దుర్గ అనుకుని 'దుర్గి వరహా' అన్నవాళ్లూ ఉన్నారు. ఇంకో సంగతి, రాయలవారి బాలకృష్ణ వరహాలు మనకు బాగానే దొరుకుతాయి. పేరు గొప్పది కాబట్టి గిరాకీ ఉంది. గిరాకీ వేరు, అరుదు వేరు.

రెండు తలల పక్షి గండభేరుండం. అది రాయలవారి తమ్ముడు అచ్యుతరాయలది, 1529 నుంచి 1542 వరకు ఏలినవాడు. ముక్కుల్లో, గోళ్లలో ఏనుగులను పట్టుకుని ఉంటుంది. వెనక 'శ్రీ ప్రతాపాచ్యుతరాయ' ఉండాలి. మీరు 'చిన్న వరహా' అన్నారు కాబట్టి తూచండి. వరహా 3.4 గ్రాముల దగ్గర తూగుతుంది, అర వరహా 1.7. మీది అర వరహా అయి ఉంటుందని నా ఊహ, తూకం చెప్పేదాకా తొందరపడను. ఇక్కడ రకాలు చూడాలంటే ఏనుగుల అమరిక, పక్షి తోక, అక్షరాల వరసలు ఎక్కడ విరిగాయి అనేవి గమనించాలి.

ఇక్కడే కొత్తవాళ్లు పడే గుంట ఒకటుంది. ఈ వరహాలు యంత్రం మీద కొట్టినవి కావు. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, మధ్యలో బంగారు బిళ్ల, పైన సుత్తి దెబ్బ. బిళ్ల అచ్చు కంటే చిన్నది. అందుకే ఒక నాణెం మీద 'ప్రతాప' పూర్తిగా పడితే ఇంకోదాని మీద సగమే పడుతుంది. సగం పడిన ప్రతిదీ కొత్త రకం కాదు. సుత్తి రెండుసార్లు పడితే గీతలు జంటగా కనపడతాయి, అదీ రకం కాదు. పదిహేను ఇరవై ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని, ఒకదాని మీద లేని అక్షరాన్ని ఇంకోదాని మీంచి పూరించుకుంటూ, అచ్చు మీద అసలు మొత్తం ఏముండేదో ముందు కాగితం మీద గీసుకోండి. ఆ గీత తయారయ్యాకే తేడాలు వెతకండి. నేను చూసినంతలో ఈ పని ఓపిగ్గా చేసేవాళ్లు చాలా తక్కువ, నాణేలు బాగా తెలిసేది కూడా వాళ్లకే.

ఇప్పుడు వాట్సాప్ వరహా. కృష్ణదేవరాయలు ఉదయగిరి గెలిచి వస్తూ 1514లో తిరుమలలో స్వామికి ముప్పై వేల బంగారు నాణేలతో కనకాభిషేకం చేశాడని శాసనం ఉంది. మకరతోరణం కింద నిలబడ్డ వేంకటేశ్వరుడున్న జంట వరహాను ఆయనదిగానే చెబుతారు. కథ అంత గొప్పది, నాణెం అంత తక్కువగా కనపడేది. ఇక దొంగలకు ఇంతకంటే ఏం కావాలి? ఆయన మీకు పంపింది ఫొటోయే కదా. తూకం ఎంతో రాయమనండి, జంట వరహా అయితే 6.8 గ్రాముల దగ్గర రావాలి. బొరుసు ఫొటో, అంచు ఫొటో అడగండి. ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో కాగితం అడగండి. 'పొలంలో దొరికింది సార్' అన్నాడంటే ఫోన్ పెట్టేయండి. అది అబద్ధమైతే నకిలీ, నిజమైతే ఇంకా చిక్కు. భూమిలో దొరికిన నిధిని కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది. తెలిసి కొన్నవాడూ కేసులో ఇరుక్కుంటాడు.

తిరుపతి స్వామి మీద అంత మనసుంటే, రెండో వేంకటపతిరాయల వరహా చూడండి. స్వామి నిలబడి ఉంటాడు, వెనక 'శ్రీ వేంకటేశ్వరాయ నమః' అని ఉంటుంది. పేరున్న వర్తకుడి దగ్గర, రసీదుతో కొనుక్కోవచ్చు. ఇంకో దారి, ఈస్టిండియా కంపెనీ మద్రాసులో కొట్టిన గోపురం వరహా. ముందువైపు చుక్కల మధ్య గుడి గోపురం, వెనక విష్ణువు చుట్టూ తమిళ, తెలుగు అక్షరాలు ఉంటాయి. తెల్లవాళ్ల కంపెనీ బంగారం మీద మన లిపి చూస్తే నాకు ఎప్పుడూ నవ్వొస్తుంది. వాటిలో రకాలు గోపురం చుట్టూ ఉన్న చుక్కలు లెక్కపెడితేనే తేలతాయి. చిన్నప్పుడు చుక్కల ముగ్గు వేసినవాళ్లకు ఆ పని సులువు.

హైదరాబాదు వెళ్లినప్పుడు అష్రఫీలు, అంటే నిజాం నవాబుల బంగారు నాణేలు కూడా చూడండి, పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలోనో సైఫాబాద్ టంకశాల మ్యూజియంలోనో. చార్మినార్ బొమ్మ అందరూ చూస్తారు. మీరు దాని ద్వారం లోపల చూడండి. అక్కడ నవాబు పేరులోని మొదటి అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీకి 'మీం', ఉస్మాన్ అలీకి 'ఐన్'. ఉస్మాన్ అలీ మొదటి ఏళ్ల నాణేల్లో ఆ ఐన్ పొట్టిగా, తర్వాతివాటిలో పూర్తిగా ఉంటుంది. అది రకం. పైన కనపడే 92 ఏడాది కాదు, అక్షరాలకు అంకెలు కట్టే లెక్కలో ముహమ్మద్ పేరుకు వచ్చే మొత్తం. కాటలాగులో 92 కోసం వెతికిన ఒక మిత్రుడి వారం వృథా అయింది.

కడగడం గురించి. చింతపండు, నిమ్మకాయ, పేస్టు, సోడా, కంసాలి దగ్గరి మెరుగు ఏదీ వద్దు. కాసు మీద వందేళ్లుగా పట్టిన ఎర్రని ఛాయ దాని వయసుకు సాక్ష్యం, ఒకసారి పోతే ఎంత డబ్బు పెట్టినా తిరిగి రాదు. పసుపు కుంకుమ అక్షరాలను కప్పేస్తే, గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల షాంపూ వేసి గంటసేపు నానబెట్టండి. రుద్దకుండా తీసి, మంచినీళ్లలో ముంచి, పాత నూలు గుడ్డ మీద ఉంచి అద్దండి. దాంతో పోనిది ఉండిపోనివ్వండి.

డల్లాస్ సంగతి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు. మీ 1918 కాసుకు కూడా ఆ వయసు దాటింది. వాటిని దేశం దాటించడం నేరం, కొరియర్ అయినా, అన్న సూట్‌కేసు అయినా. అమ్మే వ్యాపారానికి కూడా లైసెన్సు కావాలి కాబట్టి, మీరు ఎప్పుడైనా అమ్మదలిస్తే లైసెన్సు ఉన్న వర్తకుడికో వేలం సంస్థకో ఇవ్వండి. అక్కడివాళ్లు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి వేసే గ్రేడు నాణెం ఎంత బాగా మిగిలిందో చెబుతుంది. మీకు కావలసింది ఏ అచ్చో తెలుసుకోవడం, దానికి భూతద్దం చాలు. మీ అన్నకు ఫొటోలు పంపి సంతోషపెట్టండి.

ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు. ఉదయం కిటికీ పక్కన, వెలుతురు ఒక వైపు నుంచి పడేలా పెట్టి, రెండు వైపులా, అంచునా తీయండి. పక్కన చిన్న స్కేలు ఉంచండి. ప్రతిదానికీ తూకం రాయండి. ముందుగా నాకు కావలసింది రెండు వరహాల బొరుసులు, 1917 కాసు నేల గీత. అవి పంపండి, వాటిని చూశాక ఇద్దరు దేవుళ్ల వరహా ఎవరిదో తేలుద్దాం. ఈలోపు షావుకారు మళ్లీ పిలిస్తే, 23 అంటే క్యారెట్లు కాదని ఆయనకూ చెప్పండి. రేపు ఇంకొకరి కాసు మిగులుతుంది.